వాసన ఉంది

సోమవారం పొద్దున ఏడుంపావుకి అతనికి వాసన తెలియలేదు.

హాజరు పుస్తకంలో అతనికో పేరుంది గానీ ప్లాంటులో అందరికీ ముక్కుగారే. పని అలాంటిది మరి. ప్రహరీకి అవతల రిఫైనరీ, ఇవతల వీళ్ళ ప్లాంటు. అవతల ముడిచమురుని కాచి విడదీస్తే పైకి తేలిన వంటగ్యాసు పైపులో ఇవతలికి వస్తుంది. వీళ్ళు దాన్ని సిలిండర్లలో నింపుతారు. ఆ గ్యాసుకి సొంతంగా ఏ వాసనా ఉండదు. ఇంట్లో లీకయితే తెలియాలి కదా అని, మెర్కాప్టన్ అనే కంపు ద్రవాన్ని ఒక చిన్న పంపు చుక్కలు చుక్కలుగా అందులో కలుపుతూ ఉంటుంది. కలిసిందా లేదా అన్నది పొద్దున ఏడింటికోసారి, సాయంత్రం నాలుగింటికోసారి ఇద్దరు మనుషులు ముక్కు పెట్టి చూసి, పుస్తకంలో ‘వాసన ఉంది’ అని రాసి సంతకాలు చెయ్యాలి. లేబొరేటరీ పరీక్ష వారానికొక్కసారే, శనివారం. మిగతా రోజులన్నిటికీ ఈ ముక్కులే దిక్కు. మొదటి సంతకం పదకొండేళ్ళుగా అతనిది. ఆ పదకొండేళ్ళలో అతను తలకి నూనె రాసుకుని పనికి వచ్చింది లేదు, వాసన సబ్బు ముట్టింది లేదు.

ఆ పొద్దున కూడా అన్నీ పద్ధతి ప్రకారమే చేశాడు. చేతులు ఉత్త నీళ్ళతో కడుక్కున్నాడు. వాసన పరీక్షకి వాడే రేకుపెట్టె తెరిచి లోపలి చిన్న ఫ్యాను వేశాడు. గాలి మీట సరిచేసి, గ్యాసుని కొలిచి వదిలే సూదిని ఒక్క గీత తిప్పాడు. మంట అంటుకోవడానికి ఎంత గ్యాసు కావాలో అందులో అయిదో వంతు గాలిలో కలిసేసరికే ముక్కుకి తెలిసిపోవాలి, అదీ నియమం. గాజు గరాటు మీదికి వంగి చిన్నగా గాలి పీల్చాడు.

ఏమీ లేదు. తడి గుడ్డకుండేపాటి వాసన కూడా లేదు.

మళ్ళీ వంగాడు. సూదిని ఇంకో అర గీత తిప్పి మళ్ళీ పీల్చాడు. కుళ్ళిన ఉల్లిపాయ, వెల్లుల్లి, మురుగు, మూడూ కలిపి మొహాన కొట్టినట్టుండే ఆ కంపు రోజూ గరాటు దగ్గరికి రాకముందే పలకరించేది. ఇవాళ దాని జాడ లేదు.

"ఏం బాబాయ్?" అంది తూకం పిల్ల. నిండిన సిలిండర్లని కాటా మీద తూచే అమ్మాయి. రెండో సంతకం ఆమెది. అప్పటికే కలం టోపీ తీసి పుస్తకం మీద వంగి, అతని మొహంలోకి చూస్తోంది.

"వస్తోంది," అన్నాడు. ఆ మాట అతను అనాలనుకుని అన్నది కాదు. పదకొండేళ్ళుగా ఆ చోట నిలబడి అన్న మాట, నోరు దానంతట అదే అనేసింది.

ఆమె వచ్చి గరాటు మీద వంగింది. ఒక్క క్షణం ఆగింది. "ఊఁ, వస్తోంది బాబాయ్," అని పుస్తకంలో సంతకం పెట్టి కాటా దగ్గరికి వెళ్ళిపోయింది.

అంటే పిల్లకి వస్తోంది. తనకి రావడం లేదు. అతను స్టూలు మీద కూలబడ్డాడు. ఇది ఈ పనికే ప్రత్యేకమైన జబ్బు. ఏళ్ళ తరబడి ఒకే కంపు పీల్చి పీల్చి ముక్కు ఆ ఒక్క కంపుకే చచ్చిపోతుంది. మిగతా వాసనలన్నీ శుభ్రంగా తెలుస్తూనే ఉంటాయి, ఇదొక్కటి పోతుంది. అతనికి పని నేర్పిన పాత ముక్కుకి అలాగే పోయింది. పోయిన సంగతి ఆయన దాచాడు. అనుమానం వచ్చిన మేనేజరు ఒకరోజు నలుగుర్నీ పిలిచి, గ్యాసు సూది పూర్తిగా కట్టేసి, గరాటులోకి ఉత్త గాలి వదిలి, "వాసన వస్తోందా పెద్దాయనా?" అని అడిగాడు. "బాగా వస్తోంది సార్," అన్నాడు పాత ముక్కు. ఒకడు నవ్వాడు. ఆ మర్నాటి నుంచి ఆయన తుప్పు షెడ్డులో ఖాళీ సిలిండర్లని ఇనుప బ్రష్షుతో తోముతున్నాడు. ఆ నలుగురిలో అతనూ ఉన్నాడు. నవ్వలేదు గానీ నోరూ విప్పలేదు, మర్నాడు ఆ స్టూలు మీద కూర్చుని మొదటి సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం భోజనం వేళ ఫిల్లింగు షెడ్డు మీదుగా వెళ్తుంటే కుర్రాళ్ళు గొట్టాలు ఊడదీస్తూ ఉన్నారు. ఊడదీసినప్పుడల్లా టుస్సుమని కాస్త గ్యాసు బయటికి పోతుంది. ఒకడు కేకేశాడు. "ముక్కుగారూ, ఇవాళ తలనొప్పి లేదండీ! షెడ్డంతా హాయిగా ఉంది, ఏం మంత్రం వేశారు?"

పక్కవాళ్ళు నవ్వారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అతను చటుక్కున ముక్కు మీద చెయ్యి వేసుకున్నాడు. వీళ్ళకి తెలిసిపోయిందా? వెక్కిరిస్తున్నారా? తల వంచుకుని నడిచాడు. నాలుగింటి పరీక్షలోనూ వాసన రాలేదు. "వస్తోంది," అన్నాడు. తూకం పిల్ల కూడా "వస్తోంది," అంది.

ఇంటికెళ్ళేసరికి కూతురు నేల మీద పుస్తకాలు పరుచుకుని రసాయనశాస్త్రం బట్టీ పడుతోంది. గురువారం పరీక్ష. "మీథేన్, ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్. వీటిని ఆల్కేన్‌లు అంటారు. రంగు లేదు, వాసన లేదు... నాన్నా, వాసన లేదని పుస్తకంలోనే ఉంది. మరి రోజూ నువ్వు చూసే వాసన ఎవరిది?"

"అద్దె వాసన," అన్నాడు. మామూలుగా అయితే ఈ ప్రశ్న అతనికి పండగే. ఇవాళ కూడా మాట్లాడుతూ ఉంటే గుండెదడ కొంచెం తగ్గుతుందేమోనని పక్కన కూర్చున్నాడు. "ముడిచమురంటే చిన్నా పెద్దా అన్నీ కలగలిసిన గుంపు. కొలిమిలో కాచి పొడుగాటి స్తంభంలోకి వదులుతారు. పొడుగు గొలుసులున్నవి బరువు, అడుగునే ఉండిపోతాయి, తారు అయ్యేది అవే. తేలికవి పైపైకి పోతాయి. మధ్యలో డీజిలు, ఆ పైన కిరోసిను, ఆ పైన పెట్రోలు. మూడు కార్బన్‌ల ప్రొపేను, నాలుగు కార్బన్‌ల బ్యూటేను వాటికంటే పైకి వచ్చి మన దగ్గరికి వస్తాయి."

"మరి వాసన ఎందుకు లేదు?"

"కార్బన్‌కి నాలుగు చేతులు కదా. ఆల్కేన్‌లో ఆ నాలుగు చేతులూ నిండిపోయి ఉంటాయి. ఖాళీ చెయ్యి లేదు. ఎవరి జోలికీ పోదు, ముక్కు జోలికి కూడా. చమురులో గంధకం కంపు ఒకటి వెంట వస్తుంది, దాన్ని వాళ్ళు క్షారంతో కడిగేస్తారు. శుభ్రంగా కడిగి ఇస్తే మేం మళ్ళీ కంపు పూస్తాం."

"కడిగిన గిన్నెకి మసి పూసినట్టు," అని నవ్వింది కూతురు. "ఎవరి జోలికీ పోనిదానికి అంత భయం దేనికి?"

"నిప్పు దగ్గరికి వచ్చేదాకా పోదు," అన్నాడు. అని లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. గట్టు మీది కూతురి సబ్బు వాసన తెలిసింది. గోడ సున్నం వాసన తెలిసింది. ఇంట్లో ప్రతి వస్తువుకీ వాసన ఉంది. ఆ ఒక్కటే పోయిందన్న నమ్మకం దాంతో మరీ గట్టిపడింది.

మంగళవారం పొద్దునా అంతే, సాయంత్రమూ అంతే. తేలుకుట్టిన దొంగలా పొద్దుగూకేదాకా ప్లాంటులో తిరిగాడు. ఎవరినైనా అడిగితే సరిపోతుంది. ‘నీకు వాసన వస్తోందా?’ నాలుగు మాటలు కూడా లేవు. కానీ ఆ మాట ముక్కుగారు అడగడమంటే తుప్పు షెడ్డుకి తనంతట తను దారి అడిగినట్టే. బస్సులో ఎప్పుడూ అతని పక్క సీటు ఖాళీగా ఉంటుంది, బట్టల్లోని కంపుకి ఎవరూ దరిచేరరు. ఆ సాయంత్రం ఒక లావుపాటి ఆవిడ వచ్చి దర్జాగా కూర్చుని, దిగేదాకా తన కోడలి సంగతులు చెప్పింది. అతను ఊఁ కొట్టాడే గానీ ఆవిడ ఎందుకు కూర్చుందో ఆలోచించలేదు. భయం పట్టినవాడికి తన భయం తప్ప ఇంకోటి కనిపించదు.

ఇంట్లో భార్య మేడ మీద బట్టలు తీస్తోంది. వంటింట్లో కొత్త సిలిండరు బిగించి ఉంది. ప్లాంటుకి దగ్గర కాలనీ కాబట్టి నింపిన మర్నాడే వీళ్ళకి వచ్చేస్తుంది. అతను వంటింటి తలుపు దగ్గరికి వేసి, స్టవ్వు ముందు మోకాళ్ళు వంచి, వెలిగించకుండా మీట తిప్పాడు. బుస్సుమని సన్నగా గ్యాసు వస్తోంది. చెవికి తెలుస్తోంది, చెంపకి చల్లగా తెలుస్తోంది, ముక్కుకి మాత్రం తెలియడం లేదు. ఇంకాస్త కిందికి వంగాడు. ఇంకా పీల్చాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంతసేపు అలా ఉన్నాడో అతనికే తెలియదు.

తలుపు తోసుకుని కూతురు వచ్చింది. "నాన్నా, పాలు పెట్టనా?" అంటూ గోడకి తగిలించిన లైటరు తీసి, అలవాటుగా స్టవ్వు వైపు చెయ్యి చాపింది.

"వద్దు!"

ఆ అరుపు అతని గొంతులోంచి వచ్చిందంటే అతనే నమ్మలేడు. ఒక చేత్తో మీట కట్టేస్తూ రెండో చేత్తో ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాడు. లైటరు కింద పడి చప్పుడైంది. పైప్రాణాలు పైనే పోయాయి. కిటికీలు రెండూ బార్లా తెరిచి, కూతుర్ని లాక్కుని పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"మీట తిప్పి ఉందా? నాకు తెలియనే లేదు నాన్నా," అంది కూతురు, ఎర్రబడిన మణికట్టు రుద్దుకుంటూ.

‘నాకు తెలియనే లేదు’ అన్న ఆ మాట చెవిన పడింది, మనసుకి ఎక్కలేదు. ఇప్పుడే కదా వచ్చింది, ఇంకా పీల్చి ఉండదు అనుకున్నాడు. అతని మనసులో ఒకటే తిరుగుతోంది. ముక్కు చచ్చినవాడు ఇంట్లో ఉంటే ఇల్లే ప్రమాదం. అయినా ప్లాంటులో చెప్పలేడు. ఆ రెంటి మధ్యా నలిగి నలిగి భోజనం కూడా సహించలేదు.

బుధవారం పదింటికి తుప్పు షెడ్డుకి వెళ్ళాడు. పాత ముక్కు ఒక సిలిండరుని కాళ్ళ మధ్య ఇరికించుకుని బ్రష్షుతో గీకుతున్నాడు. ఎర్రటి పొడి ఆయన కనుబొమల మీద పేరుకుంది. ఇద్దరూ ఈ ఏడాదిలో పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు.

"అన్నా, నీకు మొదట్లో ఎలా తెలిసింది?"

బ్రష్షు ఆగింది. ముసలాయన అతని మొహం వైపు చూశాడు, ఆ తర్వాత షెడ్డు గుమ్మం వైపు చూశాడు. "ఎన్నాళ్ళయింది?"

"సోమవారం నుంచి."

"ఒక్కసారిగానా?"

"ఒక్కసారిగానే. శనివారం వచ్చింది. ఆదివారం నాకు సెలవు. సోమవారం లేదు."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "నాకు ఒక్కసారిగా పోలేదురా. ఆరు నెలలు పట్టింది. రోజురోజుకీ పలచబడింది." మళ్ళీ బ్రష్షు అందుకున్నాడు. "ఏమోలే, ఎవరి ముక్కు వాళ్ళది. ఎవరికీ చెప్పకు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. నన్ను చూస్తున్నావుగా."

అతను లేచి వస్తుంటే వెనక నుంచి ముసలాయన, "ఆ రోజు నువ్వైనా సూది కట్టేసి ఉందని కళ్ళతో సైగ చేసి ఉండాల్సిందిరా," అన్నాడు. కోపంగా అనలేదు. అతనికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

నాలుగింటి పరీక్షకి మేనేజరు స్వయంగా వచ్చాడు. పైవారం తనిఖీ బృందం వస్తోందట, అంతా ఓసారి చూసుకుందామని. గదిలో నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని, "కానివ్వండి," అన్నాడు. గ్యాసు సూది తన చేత్తోనే తిప్పాడు, అయినా అనుమానం. లోపల పైపు ఎక్కడైనా కట్టేయించారా? వచ్చేది ఉత్త గాలా? వంగి పీల్చాడు. ఏమీ లేదు. వస్తోందంటే, ఉత్త గాలయితే పాత ముక్కు గతే. రావడం లేదంటే, గ్యాసయితే అదే గతి. తూకం పిల్ల కూడా ఇవాళ పాలిపోయి ఉంది, కలం పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

"వస్తోంది సార్."

ఎవరూ నవ్వలేదు. మేనేజరు ముందుకొచ్చి తనే గరాటు మీద వంగాడు. పీల్చాడు. కనుబొమలు ముడిపడి, విడిపోయాయి. "ఊఁ. బాగానే ఉంది," అని జేబురుమాలుతో ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

అందరికీ బాగానే ఉంది, తనకి తప్ప. బస్సు దిగి ఇంటి వైపు నడిచాడు. రేపు చెప్పేద్దామనుకున్నాడు, వద్దనుకున్నాడు, మళ్ళీ చెప్పేద్దామనుకున్నాడు. మలుపు దగ్గర టీ కొట్టు. కొట్టాయన బల్ల కింద నుంచి అయిపోయిన సిలిండరుని బయటికి దొర్లించి, మూతి దగ్గరి రెగ్యులేటరు లాగాడు. టుస్సుమంది.

కంపు!

కుళ్ళిన ఉల్లి, వెల్లుల్లి, మురుగు, మూడూ కలిసి మొహాన కొట్టాయి. అతను దారి మధ్యలో ఆగిపోయాడు. అడుగంటిన సిలిండరు కంపు మామూలుగానే ఘాటు, ఈ వేళ అది అతనికి పూలదండ వేసినట్టుంది. "వస్తోంది!" అన్నాడు పైకే. నవ్వు ఆగలేదు. "వస్తోందయ్యా, నాకు వస్తోంది!"

"రాకేం చేస్తుందండీ, చచ్చే కంపు," అని కొట్టాయన ముక్కు మూసుకుని, పక్కనున్న కొత్త సిలిండరు సీలు తెంపబోయాడు. "ఒక్క నిమిషం, టీ పెట్టేస్తా."

అతని నవ్వు అప్పుడు ఆగింది. ముక్కు బాగానే ఉంది. బాగానే ఉంటే, మూడు రోజులుగా రానిది ఏమిటి?

"ఆగు. ముట్టుకోకు." కొత్త సిలిండరు దగ్గర గొంతుక్కూర్చుని సీలు చూశాడు. సోమవారం తేదీ ఉంది. "పొయ్యి దరిదాపుల్లో నిప్పుందా? బీడీ పారెయ్." దాన్ని వీధి అవతలి ఖాళీ స్థలం దాకా ఇద్దరూ మోసుకెళ్ళారు. అతను మూత తీసి, తాళంచెవితో మూతిలోని పుల్లని రెప్పపాటు నొక్కాడు. బుస్సుమని చల్లటి గ్యాసు వేళ్ళ మీదుగా పోయింది. ముక్కు దగ్గరికి పెట్టాడు. ఏమీ లేదు.

"నీకు వాసన వస్తోందా?" అని అడిగాడు. మూడు రోజులుగా నోట్లో నానుతున్న ప్రశ్న.

"లేదండీ," అన్నాడు కొట్టాయన. "కొత్తదానికి రాదా?"

అతను జేబులోంచి ఫోను తీసి ఇంటికి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఆగిపోయింది. ఈ మూడు రోజులూ పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఆ రెండు నిమిషాలు ఒక ఎత్తు. మూడోసారి భార్య ఎత్తింది. "ఏవండీ, చేతినిండా పిండి..."

"స్టవ్వు వెలిగించావా?"

"ఇంకా లేదు."

"వెలిగించకు. సిలిండరు మీట కట్టెయ్. కిటికీలు తీసి పిల్లని తీసుకుని బయటికి రా."

"ఎందుకు? వాసనేం రావడం లేదే?"

"అందుకే," అన్నాడు.

ప్లాంటుకి ఆటోలో వెళ్ళాడు. మేనేజరు ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. చెప్పింది విని ఆయన లేచి మెర్కాప్టన్ షెడ్డు వైపు నడిచాడు. ఆ షెడ్డు లోపలికి ఎవరూ వెళ్ళరు. వెళ్తే ఆ కంపు వారం రోజులు ఒంటిని వదలదు, బస్సు ఎక్కనివ్వరు, ఇంట్లో మంచం ఎక్కనివ్వరు. అందుకని గోడ బయట నిలబడి పంపు టక్ టక్ చప్పుడు విని, గంటకి ఇన్ని చుక్కలు కాబట్టి ఇంత తగ్గి ఉంటుందని పుస్తకంలో అంకె వేసెయ్యడం అక్కడి ఆచారం. పంపు ఇప్పుడూ టక్ టక్‌మంటోంది. లోపలికి వెళ్ళి డ్రమ్ము పక్క గాజుగొట్టంలో మట్టం చూశారు. డెబ్భై ఒకటి. పుస్తకంలో నలభై లీటర్లు.

"లోపలి కవాటం ఇరుక్కుపోయింది," అన్నాడు అతను. "పంపు ఆడుతోంది, చుక్క కదలడం లేదు."

"డెబ్భై ఒకటి అంటే ఈ పుస్తకం ప్రకారం పన్నెండు రోజుల కిందటి అంకె," అన్నాడు మేనేజరు. "శనివారం లేబొరేటరీలో బాగానే వచ్చింది. అంటే ఈ అంకెలన్నీ ముందు నుంచే అబద్ధాలు. పంపు ఎప్పుడు మొరాయించిందో వీటిని బట్టి చెప్పలేం." ఆఫీసుకి తిరిగొచ్చి పరీక్ష పుస్తకం ముందు పెట్టుకున్నాడు. తూకం పిల్ల ఆ రోజు తూకాల కాగితాలు ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. మేనేజరు గొంతు తగ్గించి, దాదాపు ప్రేమగా అడిగాడు. "ఇవాళేగా ఆగింది? నిన్నటికి సంతకాలున్నాయి. మొన్నటికీ ఉన్నాయి. ఇవాళ్టి సరుకు ఇంకా సగం యార్డులోనే ఉంది. పొద్దుపోయేలోగా వెనక్కి తెచ్చేసుకోవచ్చు. ఎవరికీ ఏమీ కాదు. ఇవాళే కదా?"

ఎంత తేలిక. ఒక్క తల ఊపు. ఉద్యోగం ఉంటుంది, స్టూలు ఉంటుంది, పైగా ముక్కుగారే కనిపెట్టారంటారు. అతనికి ఆశ పుట్టింది, అందులో దాపరికమేమీ లేదు. అదే క్షణంలో, కింద పడిన లైటరు చప్పుడు కూడా వినిపించింది. సోమ, మంగళవారాల సిలిండర్లు ఇప్పటికి ఎన్ని వంటిళ్ళలో ఉన్నాయో.

"సోమవారం పొద్దున నాకు రాలేదు సార్," అన్నాడు. "వచ్చిందని సంతకం పెట్టాను. నిన్న కూడా. ఇవాళ మీ ముందు కూడా."

మేనేజరు మొహం ఎర్రబడింది. "ఏమిటయ్యా నువ్వు మాట్లాడేది? రెండో సంతకం కూడా ఉంది కదా! ఆ అమ్మాయికి వచ్చింది కదా!"

"రాలేదండీ," అంది తూకం పిల్ల గుమ్మంలోంచి. అంత చిన్న గొంతు ఆమెది అని ఎవరికీ తెలియదు. "సోమవారం కాదు. ఆదివారం సాయంత్రం నుంచే నాకు రాలేదు. ఆదివారం పొద్దున బాగా వచ్చింది. సాయంత్రం సెలవు డ్యూటీ ఆయన వస్తోందన్నారు, సరే అన్నాను. సోమవారం బాబాయ్ కూడా వస్తోందన్నారు. ఇంక నా ముక్కే పోయిందనుకున్నాను. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదండీ." ఏడవడం మొదలుపెట్టింది.

అతను ఆమె వైపు చూశాడు. ఈ మూడు రోజులూ తను ఎవరి ముక్కుని చూసి జడుసుకున్నాడో ఆ పిల్ల తన మొహం చూసి జడుసుకుంది. ఎదురెదురుగా నిలబడి ఇద్దరూ ఒకరికొకరు ‘వస్తోంది’ అని చెప్పుకున్నారు.

మేనేజరు ఎవరి వైపూ చూడకుండా, "నాలుగింటికి నాకూ రాలేదు," అన్నాడు. "జలుబనుకున్నాను." పుస్తకంలో ‘ఆదివారం మధ్యాహ్నం నుంచి’ అని రాసి, ఫోను అందుకున్నాడు. ఆ తర్వాత ఎవరి ఉద్యోగం ఏమవుతుందో ఆయనా అనలేదు, వీళ్ళూ అడగలేదు. ముందు లారీలు ఆపించాడు. డీలర్ల జాబితా మూడు ముక్కలు చేసి, మూడు ఫోన్ల ముందు ముగ్గురూ కూర్చున్నారు.

అతని జాబితాలో నాలుగో డీలరు సంగతంతా విని, "అలాగా!" అన్నాడు. "నిన్న పొద్దున ఒక ముసలావిడ చేసిందండీ. కొత్త సిలిండరుకి వాసన లేదు, చూడండి బాబూ అని. మీ ప్లాంటులో ఇద్దరు మనుషులు రోజూ వాసన చూసి సంతకం పెడతారమ్మా, మీకే వయసు మీద పడి ముక్కు పోయుంటుంది అని నచ్చజెప్పి పెట్టేశా."

"ఆవిడ నంబరు ఇవ్వండి," అన్నాడు.

నంబరు నొక్కే వేలు ఒకచోట తప్పింది, మళ్ళీ మొదటి నుంచి నొక్కాడు. మోగుతోంది. నిన్న పొద్దున అంటే ఒకటిన్నర రోజు. అయిదోసారి మోగింది, ఆరోసారి మోగింది. అతను బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరూ?" అంది ముసలి గొంతు.

"గ్యాసు ప్లాంటు నుంచమ్మా. స్టవ్వు వెలిగిస్తున్నారా?"

"లేదు నాయనా. మీట తిప్పితే గొట్టం దగ్గర బుస్సుమంటోంది. వాసన మాత్రం లేదు. నాకే ముక్కు పోయిందేమో, ఎందుకొచ్చిన గొడవని కట్టేసి, నిన్నటి నుంచి చల్లన్నమే తింటున్నా. మనిషిని పంపుతారా?"

"నేనే వస్తున్నానమ్మా. తప్పు మాది. వాసన ఉందని నేనే సంతకం పెట్టాను, లేకపోయినా పెట్టాను."

తిడుతుందనుకున్నాడు. తిడితే పడదామనే ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

"అయితే నా ముక్కు బాగానే ఉందన్నమాట," అంది ఆవిడ.

"బాగానే ఉందమ్మా," అన్నాడు. "మా అందరి ముక్కులూ బాగానే ఉన్నాయి." ఆవిడ ఇంటి గుర్తులు చెప్తుంటే, పక్క ఫోనులో తూకం పిల్ల ఎవరినో ‘వాసన వస్తోందాండీ, నిజం చెప్పండి’ అని అడగడం వినిపిస్తోంది. అతను చిరునామా రాసుకుని, స్పానరు సంచీ తీసుకుని బయల్దేరాడు.